లిన్ యావెన్ పాడని శనివారం

1984 అక్టోబరులో ఒక సోమవారం పొద్దున, జెర్సీ సిటీలోని డాక్టర్ శశికళ క్లినిక్‌కి ఒక చైనా ఆవిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. తలకి పట్టు రుమాలు, కళ్లకి నల్లద్దాలు. వెంట నలభై దాటిన మనిషి ఒకడు ఉన్నాడు. ఫారం ఆయనే నింపాడు. పేరు మిసెస్ చెన్ అనీ, వృత్తి గృహిణి అనీ రాశాడు. తాను ఆమె అన్ననని చెప్పాడు. చెల్లెలికి ఇంగ్లీషు రాదు కాబట్టి ఏం చెప్పాలన్నా తనకి చెప్తే చైనీస్‌లో చెప్తానన్నాడు.

శశికళ గుంటూరులో వైద్యం చదివి, 1972లో అమెరికా వచ్చి, ఇక్కడ చెవి, ముక్కు, గొంతు శస్త్రచికిత్సలో మళ్లీ శిక్షణ పొందింది. సొంత ప్రాక్టీసు పెట్టి రెండేళ్లు కూడా కాలేదు. ఆసుపత్రికి ఆనుకుని ఉన్న బిల్డింగులో మూడు గదులు అద్దెకి తీసుకుంది. పేషెంట్లు ఇంకా పలచగానే ఉన్నారు.

"గొంతు బొంగురు. నాలుగు రోజులైంది. కొంచెమే," అన్నాడు అన్న.

శశికళ ఆమె నాలుకని గుడ్డతో పట్టుకుని, వెచ్చచేసిన చిన్న అద్దాన్ని గొంతులోకి దించి వెలుగు పెట్టి చూసింది. ముత్యంలా తెల్లగా ఉండాల్సిన రెండు స్వరతంత్రుల్లో కుడిది బాగానే ఉంది. ఎడమది పొడుగునా ఎర్రగా ఉబ్బి ఉంది. లోపల సన్నటి రక్తనాళం చిట్లి, నెత్తురు పొర కింద చేరింది.

"ఈమె గట్టిగా అరిచిందా? పాడుతుందా?"

"ఇంట్లో. సరదాకి."

"మందులేమైనా వేసుకుంటోందా?"

"నొప్పికి ఆస్పిరిన్. రోజుకి నాలుగు."

"వెంటనే ఆపించండి. ఆస్పిరిన్ వేసుకుంటే కారే నెత్తురు ఆగదు." శశికళ కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. స్వరతంత్రిలో రక్తస్రావమైంది. కనీసం రెండు వారాలు పెదవి కదపకూడదు. గుసగుస కూడా వద్దు. ఈ స్థితిలో పాడితే మళ్లీ చిట్లుతుంది, మచ్చ కడుతుంది. అప్పుడు ఆ గొంతు మునుపటిలా రాదు.

ఆయన చెల్లెలి వైపు తిరిగి చైనీస్‌లో రెండు ముక్కలు చెప్పాడు. అంతే. ఆమె నల్లద్దాలు తీసి, డాక్టర్ వైపు చూసి హాయిగా నవ్వింది. తల వంచి థాంక్స్ చెప్పబోయింది.

ఈ మాట విని నవ్విన పేషెంటుని శశికళ ఎప్పుడూ చూడలేదు.

ప్రిస్క్రిప్షన్ కాగితం మీద రెండు స్వరతంత్రుల బొమ్మ గీసింది. ఎర్ర పెన్ను తీసి ఎడమదాన్ని నింపసాగింది. పేషెంటు నవ్వు ఆగిపోయింది. కాగితం కోసం చెయ్యి చాపింది. అన్న దాన్ని ముందే అందుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రక్తం అంటే భయపడుతుంది," అన్నాడు. "మీరు కార్టిజోన్ ఇంజెక్షన్ ఇవ్వండి. హాంకాంగ్‌లో డాక్టర్ ఇచ్చాడు. రెండు గంటల్లో తగ్గింది."

"అది వాపుకి. ఇక్కడ ఉన్నది నెత్తురు. ఇంజెక్షన్ ఇస్తే గొంతు బాగుపడ్డట్టు అనిపిస్తుంది, దాన్ని నమ్మి ఈమె పాడుతుంది. నేను ఇవ్వను. గురువారం మళ్లీ తీసుకురండి."

ఆయన తలూపాడు కానీ శశికళ కళ్లలోకి చూడలేదు.

వాళ్లు బయటికి వెళ్తుండగా, ఆసుపత్రి నుంచి ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చిన టెక్నీషియన్ మిసెస్ వూ కారిడార్‌లో గోడకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయింది. తైవాన్ నుంచి వచ్చి పదేళ్లయిన మనిషి, దేనికీ తొణకనిది.

"డాక్టర్, ఆవిడెవరో మీకు తెలుసా? లిన్ యావెన్! శనివారం మధ్యాహ్నం చైనాటౌన్ థియేటర్‌లో ఆవిడ పాట కచేరీ. నేను నెల కిందటే టికెట్ కొన్నాను."

శశికళ తలుపు మూసి ఆమెని కూర్చోబెట్టింది. "పేషెంట్ విషయం బయటికి పోకూడదు. మిమ్మల్ని ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టుకుంటున్నాను, అర్థమైందా? ముందు ఆవిడ గురించి చెప్పండి."

మిసెస్ వూ చెప్పుకొచ్చింది. యావెన్ తైవాన్‌లోని కీలుంగ్ రేవు పట్నంలో పుట్టింది. తండ్రి రేవులో క్రేన్ నడుపుతూ ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆమెకి పన్నెండేళ్లు, అన్న తెషెంగ్‌కి పంతొమ్మిది. అతను చదువు మానేసి, రేడియో పాటల పోటీకి చెల్లెల్ని తీసుకెళ్లాడు. ఆమె గెలిచింది. ఆ తర్వాత రాజధాని తైపేలో పాటల హాళ్లు. ఒక్కో సాయంత్రం మూడు హాళ్లలో పాడాలి. అన్న స్కూటర్ నడిపేవాడు, ఆమె వెనక కూర్చుని గౌన్ల సంచి ఒళ్లో పెట్టుకునేది. ఇరవై ఏళ్లకి మొదటి రికార్డు. ఇరవై మూడేళ్లకి ఆమె పాట వినిపించని నూడుల్స్ కొట్టు లేదు. సింగపూర్, మనీలా, హాంకాంగ్ అన్నీ తిరిగింది. పై స్థాయి స్వరం దగ్గర గొంతు విరగకుండా, సన్నగా సాగి, చివర్న చిన్నగా వణికేది. ఆ వణుకు కోసమే జనం వచ్చేవాళ్లు. 1979లో మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో విద్యార్థులు హాలు బయట వానలో నిలబడి విన్నారట.

"ఇప్పుడో?" అంది శశికళ.

"ఇప్పుడు మా ఊళ్లో గిటార్లు పట్టుకున్న కాలేజీ పిల్లల పాటలు వచ్చాయి. ఈవిడ పాటలు మా అమ్మల కాలం పాటలంటున్నారు. న్యూయార్క్‌లో బాగా పాడితే ఒక పెద్ద కంపెనీ మళ్లీ రికార్డు చేస్తుందని పేపర్లో రాశారు." మిసెస్ వూ ఆగి అడిగింది. "ఆవిడ గొంతుకి ఏమైంది?"

శశికళ చెప్పింది. మిసెస్ వూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గురువారం వాళ్లు రాలేదు. ఫారంలో ఉన్న హోటల్ నంబరుకి శశికళ ఫోన్ చేసింది. తెషెంగే ఎత్తాడు. "ఆమెకి తగ్గిపోయింది. థాంక్యూ," అని పెట్టేశాడు. రెండోసారి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్త జగన్మోహన్‌తో చెప్పింది. ఆయన కెమికల్ ఇంజనీరు, ఏ పనైనా నాలుగు వైపులా చూసి గానీ చెయ్యడు.

"చెప్పాల్సింది చెప్పావు. రిపోర్ట్‌లో రాశావు. ఇంకేం చేస్తావు శశీ? అతను మెడికల్ బోర్డుకి కంప్లెయింట్ పెడితే? మనం ఫారిన్ గ్రాడ్యుయేట్లం. మన మాట ఎవడు వింటాడు?"

"నేను ఆవిడకి చెప్పలేదండీ. ఆవిడ అన్నకి చెప్పాను. ఆవిడకి ఇప్పటికీ తెలీదు."

"అది వాళ్ల ఫ్యామిలీ మేటర్."

"గొంతు ఆవిడది కదా?"

ఆయన మజ్జిగ కలుపుకున్నాడు. "ఎప్పుడు వెళ్తావు?" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పేషెంట్లని వాయిదా వేసి, మిసెస్ వూని తోడు తీసుకుని న్యూయార్క్ వెళ్లే పాత్ ట్రెయిన్ ఎక్కింది. థియేటర్ తలుపు దగ్గర కాపలావాడితో మిసెస్ వూ, మందులు తెచ్చామని చెప్పింది.

లోపల రిహార్సల్ జరుగుతోంది. పధ్నాలుగు మంది వాయిద్యకారులు. యావెన్ స్టేజి మధ్యలో మామూలు స్వెట్టర్‌తో నిలబడి, సగం గొంతుతోనే పాడుతోంది. శశికళకి ఆ భాష రాదు, ఆ సంగీతమూ తెలీదు. కానీ పాట పైకి ఎక్కేచోట గొంతులో ఇసుక రాలినట్టు ఒక గరగర వినిపించింది. యావెన్ మెడ నరాలు బిగుసుకున్నాయి. ఆ స్వరాన్ని బలంగా తోసి దాటేసింది.

"ఆపండి!" శశికళ తనకి తెలీకుండానే గట్టిగా అంది.

సంగీతం ఆగింది. తెషెంగ్ మొదటి వరుసలోంచి లేచి పరిగెత్తినట్టే వచ్చి అడ్డం నిలబడ్డాడు. "మీరిక్కడికి ఎందుకొచ్చారు? ఎవరు రమ్మన్నారు?"

"మీ చెల్లెలితో మాట్లాడాలి."

"రేపు షో అయ్యాక మాట్లాడండి. వెళ్లకపోతే మీ లైసెన్స్ సంగతి చూస్తాను. పేషెంట్‌ని వేధిస్తున్నారని రాస్తాను."

శశికళ కదల్లేదు. "రాయండి. ముందు నేను సోమవారం ఏం చెప్పానో ఆమెకి చెప్పండి. ఇప్పుడు, నా ముందు."

ఆయన తలుపు వైపు చెయ్యి చూపించాడు. అప్పుడు మిసెస్ వూ ఆయన భుజం మీదుగా స్టేజి వైపు చూసి, చైనీస్‌లో గొంతెత్తి అరిచింది. గొంతులో రక్తం, రేపు, పాడితే పోతుంది. ఆ మాటలు తెలీకపోయినా ఏం చెప్తోందో శశికళకి అర్థమైంది. వాయిద్యకారులు ఒక్కొక్కరే తలెత్తారు.

యావెన్ మెట్లు దిగి వచ్చింది. అన్న ఎదురుగా నిలబడి ఒక చిన్న ప్రశ్న అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. మళ్లీ అదే అడిగింది. శశికళ తన పెదవుల మీద వేలు పెట్టి వద్దని సైగ చేసి, బ్యాగులోంచి నోట్‌బుక్, పెన్ను తీసి ఆమె చేతికిచ్చింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో నలుగురూ కూర్చున్నారు. యావెన్ రాసేది మిసెస్ వూ చదివి ఇంగ్లీషులో చెప్పింది.

"రేపు పాడితే నా గొంతు తప్పకుండా పోతుందా?"

శశికళకి అబద్ధం చెప్పడం సులువు. తప్పకుండా అంటే ఆమె ఆగిపోయేది. "తప్పకుండా అని చెప్పలేను," అంది. "ఒక్క పాటకే పోవచ్చు. పోకపోవచ్చు కూడా. నాకు మాత్రం పోతుందనే భయం."

"విన్నావా!" అన్నాడు తెషెంగ్ ఇంగ్లీషులోనే, చెల్లెలితో చైనీస్‌లో మాట్లాడాలన్న సంగతి మరిచిపోయి.

"పాడకపోతే మునుపటిలా వస్తుందా?"

"అదీ మాట ఇవ్వలేను. వచ్చే అవకాశం ఎక్కువ. అంతే."

తెషెంగ్ నుదురు తుడుచుకుని శశికళతో తగ్గు స్వరంలో అన్నాడు. "మీకు తెలీదు డాక్టర్. భయపడితే ఆమె పాడలేదు. పదమూడేళ్లప్పుడు స్టేజి ఎక్కే ముందు వాంతి చేసుకునేది. హాలు సగం ఖాళీగా ఉన్నా నిండిపోయిందని చెప్పేవాణ్ని. పేపర్లో తిడితే ఆ పేపరు దాచేసేవాణ్ని. అలాగే ఇన్నేళ్లూ పాడింది. సోమవారం కూడా అలాగే చెప్పాను. చిన్న జలుబన్నాను."

మిసెస్ వూ దాన్ని చైనీస్‌లో మొత్తం చెప్పేసింది. ఎవరూ చెప్పమనలేదు. యావెన్ అన్న వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసి అందరికీ చూపించింది.

"వెళ్లమంటోంది," అంది మిసెస్ వూ. "అందరినీ."

శనివారం మధ్యాహ్నం రెండింటికి షో. జగన్మోహన్ తానూ వస్తానన్నాడు. పన్నెండు వందల సీట్లు నిండిపోయాయి. మనవరాళ్ల చెయ్యి పట్టుకున్న బామ్మలు, ఒక్క పూట సెలవు అడిగి వచ్చిన హోటల్ వంటవాళ్లు, లాండ్రీల వాళ్లు, కొలంబియా యూనివర్సిటీ విద్యార్థులు. షో రద్దయిందన్న బోర్డు ఎక్కడా లేదు. మిసెస్ వూ పక్క సీట్లో కూర్చుని రుమాలు నలుపుతోంది.

"పాడుతుందంటావా?" అన్నాడు జగన్మోహన్.

"తెలీదు," అంది శశికళ.

తెర లేచింది. యావెన్ నీలం రంగు పొడుగు గౌనులో వచ్చింది. హాలంతా చప్పట్లతో ఊగిపోయింది. ఆమె మైకు దగ్గర నిలబడింది. వాయిద్యాలు మొదలయ్యాయి. పాట అందుకోవాల్సిన చోటు వచ్చింది. ఆమె అందుకోలేదు. వాయిద్యకారులు ఒకరినొకరు చూసుకుని, మొదటి నుంచి మళ్లీ వాయించారు. జనం అది కొత్త పద్ధతేమో అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మళ్లీ ఆ చోటు వచ్చింది. యావెన్ నోరు తెరిచింది. శశికళ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

యావెన్ నోరు మూసి, చెయ్యెత్తింది. వాయిద్యాలు ఆగాయి. ఆమె పక్కకి తిరిగి తెర చాటుకి సైగ చేసింది.

తెషెంగ్ బయటికి వచ్చాడు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లు లోతుకి పోయి ఉన్నాయి. ఆమె మడిచిన కాగితం ఒకటి ఆయన చేతికిచ్చి, మైకు ఆయన వైపు జరిపింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. మిసెస్ వూ శశికళ చెవిలో చెప్పుకుపోయింది.

"పెద్దలకి, స్నేహితులకి నమస్కారం. ఇవాళ నేను పాడలేను. నా గొంతులో రక్తనాళం చిట్లింది. మీరు చాలా దూరం నుంచి వచ్చారు, క్షమించండి..."

హాలులో గుసగుసలు లేచాయి. తెషెంగ్ ఆగిపోయాడు. కాగితాన్ని చూస్తున్నాడు, చదవడం లేదు. యావెన్ ఆయన పక్కకి వచ్చి, ఆగిన చోట వేలు పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె వేలు తియ్యలేదు.

"ఈ సంగతి..." ఆయన కాగితాన్ని కళ్లకి దగ్గరగా తెచ్చుకున్నాడు. "ఈ సంగతి మా అన్న నాకు చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్లని ఎలా కాపాడేవాడో ఇప్పటికీ అలాగే కాపాడుతున్నాడు. నాకు ముప్పై అయిదేళ్లు. ఇకనుంచి నా గొంతు సంగతి నేనే వింటాను. మీ ముందు ఇది ఆయన చేతే చదివిస్తున్నాను. ఆయన మీద కోపం పెట్టుకోకండి."

చదివి కాగితం కిందికి దించాడు. వెనక వరుసల్లోంచి ఒకడు కోపంగా అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. కొందరు లేచి దురుసుగా వెళ్లిపోయారు. నిర్వాహకుడు స్టేజి మీదికి వచ్చి చేతులు తిప్పుతూ ఏదో అరిచాడు. ముందు వరుసలో ఒక ముసలావిడ మాత్రం ఏడుస్తూ, చప్పుడు లేకుండా చేతులు కలిపి కూర్చుంది. యావెన్ ఆ గోలలోనే మూడుసార్లు నడుం వంచి నమస్కరించి, తెర పడేదాకా అక్కడే నిలబడింది.

ఆ తర్వాత చైనీస్ పేపర్లు వారం రోజులు రాశాయి. కొన్ని దయగా, కొన్ని పాట రాక నాటకం ఆడిందని. రికార్డు కంపెనీ మళ్లీ ఫోన్ చెయ్యలేదు. తెషెంగ్ మెడికల్ బోర్డుకి ఏమీ రాయలేదు. వాయిద్యకారుల్ని తీసుకుని తైపే వెళ్లిపోయాడు. వెళ్లేముందు అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోలేదు. ఆమె మాట్లాడకూడదు, ఆయన మాట్లాడలేడు.

యావెన్ జెర్సీ సిటీలో మిసెస్ వూ అపార్ట్‌మెంట్‌లో ఉండిపోయింది. వైద్యం కోసం వీసా పొడిగించారు. ఆరు వారాలు మౌనం. నెత్తురు ఇంకిపోయింది కానీ, అక్కడ గింజంత కణితి మిగిలింది. జనవరిలో మన్‌హాటన్‌లో ఒక పెద్ద సర్జన్ దాన్ని తీశాడు. మళ్లీ రెండు వారాలు మౌనం. గొంతు తిరిగి వచ్చింది, బొంగురు పోయింది. మార్చిలో ఒకరోజు ఆమె శశికళ గదిలో నిలబడి, కళ్లు మూసుకుని, తన పాత పాట ఎత్తుకుంది. కింద స్వరాలు నిండుగా పలికాయి. పైకి వెళ్లేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ అంతే.

మిసెస్ వూ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో ఆమె అంది. "మీ మాట విన్నాను. అయినా పోయింది. పాడి ఉంటే ఆ ఒక్కరోజైనా మిగిలేది."

"ఐ యామ్ సారీ," అంది శశికళ. యావెన్ కోటు వేసుకుని వెళ్లిపోయింది. ఏడాదిన్నర దాకా క్లినిక్ వైపు రాలేదు. ఆ ఏడాదిన్నరా, పేషెంట్ల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా, తాను చేసింది సరైనదేనా అని శశికళ తనని తాను అడుగుతూనే ఉంది.

యావెన్ ఆదివారాలు చైనీస్ బడిలో పిల్లలకి పాటలు నేర్పసాగిందని మిసెస్ వూ చెప్పింది. 1986 శీతాకాలంలో తైపే నుంచి ఒక పెద్ద కవరు వచ్చిందని కూడా చెప్పింది. అందులో ఉత్తరం లేదు. ఆమె పాత పాటలు ముప్పై ఒకటి, ఒక్కొక్కటీ కింది శ్రుతికి దించి, తెషెంగ్ తన చేత్తో రాసిన స్వరాల కాగితాలు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. సంగీతం చదువుకోని మనిషి, అది రాయడానికి ఎవరి దగ్గరో ఏడాదిపాటు నేర్చుకున్నాడట. యావెన్ ఆ కాగితాలు మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు బడి పియానో దగ్గరికి తీసుకెళ్లింది.

1988 మేలో బడి ఆడిటోరియంలో ఆమె మళ్లీ పాడింది. రెండు వందల మంది ఉంటారు. తెషెంగ్ తైపే నుంచి వచ్చి, పియానో వాయించే అమ్మాయి పక్కన కాగితాలు తిప్పుతూ కూర్చున్నాడు. యావెన్ రమ్మని కబురు పంపితే శశికళ, జగన్మోహన్ వచ్చి, మిసెస్ వూ పక్కన నాలుగో వరుసలో కూర్చున్నారు.

కొత్త గొంతు లోతుగా, మందంగా, మనిషి దగ్గరగా వచ్చి మాట్లాడుతున్నట్టు ఉంది. శశికళ డాక్టరుగానే వింటోంది. ఎక్కడ గరగరలాడుతుందా అని కాచుకుని ఉంది. మూడో పాటలో అది జరిగింది. పై స్వరం మీద గొంతు చీలింది.

యావెన్ ఆగింది. నీళ్లు ఒక గుక్క తాగింది. అన్న వైపు తిరిగి, అందరికీ వినపడేలా చైనీస్‌లో ఏదో అంది. జనం నవ్వారు.

"ఇది నాకింకా ఎత్తుగానే ఉంది, కిందికి దించు అంటోంది," అంది మిసెస్ వూ.

తెషెంగ్ పెన్సిల్ తీసి, పియానో అమ్మాయితో తలలు ఆనించి, కాగితం మీద ఏవో దిద్దాడు. అమ్మాయి ఒక్కో స్వరం నొక్కి చూసుకుంది. ఆలస్యమైంది. ఎవరూ లేవలేదు. యావెన్ మైకు దగ్గర చేతులు కట్టుకుని, తొందర లేకుండా, వాళ్లు ముగించేదాకా ఎదురుచూసింది. తర్వాత ఆ పాటని మొదటి నుంచి అందుకుంది.